పక్కింటి పెరటి మంటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్లవారుజామున పెరడు ఊడ్చి, ఆకులను గోడవార కుప్ప చేసి అగ్గిపుల్ల గీయడం మన ఊళ్లలో ఎంత పాత అలవాటంటే, దాన్ని తప్పుపట్టేవారినే జనం వింతగా చూస్తారు. ఒకప్పుడు ఆ కుప్పలో ఆకులు, కొబ్బరి మట్టలు, కాగితాలు మాత్రమే ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య దొడ్డి ఉండేది. ఇప్పుడు గోడకు గోడ ఆనుకుని ఇళ్లు లేచాయి, కుప్పలోకి పాల ప్యాకెట్లు, డైపర్లు, థర్మోకోల్ వచ్చి చేరాయి. అటువంటి మంటల పక్కన కాపురం ఉంటున్నవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఎండుటాకులే కదా, అంత పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఆకుల కుప్ప పొయ్యిలో కట్టెలా మండదు. అడుగున తడి, పైన దుమ్ము ఉండి గాలి సరిగా ఆడనందువల్ల సగం కాలి సగం కమురుతుంది, అందుకే దాని నుంచి మంట తక్కువగా, పొగ ఎక్కువగా వస్తుంది. ఆ పొగలో 2.5 మైక్రోమీటర్ల కంటే చిన్నవైన కణాలు ఉంటాయి. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని ఈ కణాలు ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్తాయి. ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్న పెద్దవారికి ఇది కేవలం కళ్లమంటతో పోయే ఇబ్బంది కాదు.

ఇక ప్లాస్టిక్ కలిస్తే సంగతి వేరు. పీవీసీ పైపు ముక్కలు, వైర్ల తొడుగులు కాలినప్పుడు గొంతును కోసేసే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో పాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా వెలువడతాయి. పాత ఇనుము కొనేవారు రాగి తీగ కోసం కేబుళ్లను కాల్చే చోట వచ్చే ఆ ఘాటు వాసన ఒకసారి పీల్చినవారు మరచిపోలేరు.

ఏ మంటను ప్రమాదకరమైనదిగా భావించాలి?

మంట పరిమాణం కన్నా దాని చుట్టూ ఏమున్నదో ముందు చూడాలి. పైన కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు వేలాడుతున్నాయా. గోడకు అవతల మీ వంటింటి కిటికీ కింద 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఉన్నదా. పక్కన తాటాకు పాక, గడ్డివాము, పిడకల గుట్ట, కార్లపై కప్పే టార్పాలిన్ ఉన్నాయా అన్నవి మొదటి ప్రశ్నలు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా నేలబారున పాకుతూ పల్లంలో నిలుస్తుంది. అటువంటి చోట గోడ కింది తూము అవతల నిప్పు ఉండటం సహించదగినది కాదు.

రెండవది గాలి. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం వీచే వడగాలికి ఎండిన కొబ్బరి మట్ట మండితే నిప్పురవ్వలు రెండిళ్లు దాటి పడతాయి. కోస్తా జిల్లాల్లో వేసవిలో వరుసగా పూరిళ్లు కాలిపోయే ఘటనల్లో మొదటి నిప్పు చిన్నదే అయి ఉంటుంది. దాన్ని మోసుకుపోయేది గాలి.

మూడవది కుప్పలో ఏముందన్నది. సెంటు డబ్బాలు, దోమల మందు స్ప్రే డబ్బాలు, పాత సెల్‌ఫోన్ బ్యాటరీలు నిప్పులో పేలుతాయి. టైరు ఒకసారి బాగా అంటుకుంటే బకెట్ల నీళ్లకు లొంగదు. కుప్ప సరిగా అంటుకోవడం లేదని పెట్రోలు పోసేవారు అందరికన్నా ప్రమాదకరమైనవారు, ఎందుకంటే పెట్రోలు ఆవిరి నేలమీద చాప పరచినట్టు పరచుకుని ఉంటుంది, అగ్గిపుల్ల గీయగానే కుప్పతో పాటు గీసిన మనిషిని కూడా అంటుకుంటుంది.

నాలుగవది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది: మంట దగ్గర మనిషి ఉన్నాడా లేడా అన్నది. అంటించి లోపలికి వెళ్లి టిఫిను తినేవారి మంట ఎంత చిన్నదైనా ప్రమాదకరమే.

మంట ఆరిపోయింది. ఇంకా భయపడాలా?

నివురుగప్పిన నిప్పు అన్న మాట మనకు ఊరికే రాలేదు. బూడిద కింద నిప్పు గంటల తరబడి, గుట్ట పెద్దదైతే మరునాటి దాకా కూడా సజీవంగా ఉంటుంది. పైన తెల్లగా, చల్లగా కనిపించే బూడిదను గాలి కదిపితే లోపలి కణికలు మళ్లీ రాజుకుంటాయి. చెప్పులు లేకుండా ఆడుకునే పిల్లలు కాలు పెట్టేది కూడా అటువంటి బూడిదలోనే. మా వీధిలో ఒక ఇంటివారు ముందురోజు సాయంత్రం కాల్చిన కుప్ప తాలూకు బూడిదను ఉదయాన్నే ఎత్తి ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోశారు. పదిన్నరకు బుట్ట కరిగి, పక్కనున్న స్కూటరు సీటు అంటుకుంది.

అందువల్ల పొరుగువారు మంట మానకపోయినా, కనీసం ఆర్పే పద్ధతి నేర్పగలిగితే సగం ముప్పు తప్పుతుంది. ఒక బకెట్ నీళ్లు పైన కుమ్మరిస్తే చాలదు. పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బుసబుసమన్న శబ్దం, ఆవిరి పూర్తిగా ఆగేవరకు కొనసాగించాలి. నీళ్లు కరవైన చోట మట్టి కప్పడం కంటే మట్టితో కలపడం మంచిది, ఎందుకంటే ఊరికే కప్పిన మట్టి కింద నిప్పు దాగి ఉంటుంది.

ఇప్పుడే పక్కింట్లో మంట అదుపు తప్పింది. ఏం చేయాలి?

ముందు 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. పొరుగువారు ఏమనుకుంటారో అన్న సంకోచం ఈ క్షణంలో వద్దు. ఫైరింజను వచ్చేలోపు మంట ఆరిపోతే ఆ సంగతి చెప్పవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. వీధి పేరుతో పాటు గుడి, బడి, నీళ్ల ట్యాంకు వంటి గుర్తు, ఇంజను ఏ వైపు నుంచి రాగలదో కూడా చెప్పండి. మన సందుల్లో ఆలస్యమయ్యేది అక్కడే.

తర్వాత సిలిండర్ రెగ్యులేటర్ ఆపివేసి, ఆ గోడవైపు ఉన్న బట్టలు, వాహనాలు, పశువుల కట్టుకొయ్యలు ఉంటే పశువులను తప్పించండి. మంట కరెంటు తీగలను తాకుతుంటే నీళ్లు చల్లవద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పి సరఫరా ఆపించండి. ఎవరికైనా బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేలమీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పండి. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు కుళాయి నీళ్లు పారనిచ్చి 108ని పిలవండి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూయవద్దు. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే పీకవద్దు, చల్లబరచి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పొగ రోజూ మా ఇంట్లోకి వస్తోంది. ఇంట్లో ఏం జాగ్రత్త తీసుకోవచ్చు?

తెల్లవారుజామున, చీకటి పడ్డాక నేల దగ్గరి గాలి చల్లబడి బరువుగా ఉంటుంది కాబట్టి పొగ పైకి లేవకుండా వీధిలోనే తిరుగుతుంది. ధనుర్మాసంలో ఇది మరీ ఎక్కువ. విచిత్రమేమిటంటే ఎవరూ చూడరని మనవాళ్లు కాల్చే వేళలూ అవే. ఆ సమయంలో గాలివాటు ఉన్న వైపు కిటికీలు మూసి, తలుపు కింది సందులో తడిగుడ్డ పెట్టండి. ఎయిర్ కూలర్ నడుపుతుంటే వెంటనే ఆపండి, ఎందుకంటే అది బయటి గాలినే లోపలికి లాగుతుంది, దాని గడ్డి తడకలు పొగను ఆపలేవు. చేతిరుమాలు కట్టుకుంటే బూడిద ముక్కులోకి పోదు గానీ సన్నని కణాలు ఆగవు. బయటికి వెళ్లక తప్పనివారికి ఎన్95 మాస్కు ఉపయోగపడుతుంది.

పొరుగువారితో ఎలా మాట్లాడాలి?

ఫిర్యాదుల దాకా వెళ్లిన వ్యవహారాల్లో చాలా వాటికి మొదటి మాట మంట మండుతుండగా, గోడమీద నుంచి, అరుపుతో మొదలైనదే. పొగ పీల్చి దగ్గుతూ వెళ్లినవాడు మర్యాదగా మాట్లాడలేడు. పదిమంది చూస్తుండగా మాట పడ్డవాడు తగ్గడు. కాబట్టి మరునాడు, మంట లేని వేళ, ఒంటరిగా వెళ్లండి. ఆ ఇంట్లో మీ మాట ఎవరు వింటారో మీకు తెలిసే ఉంటుంది. ఆకులు ఊడ్చేది అత్తగారైతే కొడుకుతో చెప్పి ప్రయోజనం లేదు.

మాట ఆరోగ్యంతో మొదలైతే మంచిది. “పిన్నిగారూ, మా చిన్నదానికి ఉబ్బసం. పొగ వచ్చిన రాత్రల్లా నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తోంది. ఆకులు మా సంచిలో వేసి ఇవ్వండి, బండికి మేమే ఎత్తిస్తాం” అన్న మాటకు, “మీరు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నారు” అన్న మాటకు వచ్చే జవాబులు ఒకటి కావు. పిన్నిగారు మారతారని హామీ ఏమీ లేదు. కానీ చాలామంది తగలబెట్టేది దుర్బుద్ధితో కాదు, ఆ చెత్తను ఏం చేయాలో తెలియక. చెత్తబండి ఏ వేళకు వస్తుందో తెలియదు, వచ్చినా ఆకుల గోనెలు తీసుకోనంటాడు, మూడు రోజులు ఉంచితే తేళ్లు చేరతాయి. ఆ ముడి విప్పకుండా మంట మానమంటే రెండు వారాలు మాని మూడో వారం మళ్లీ కాలుస్తారు.

దోమల కోసమనో, పాముల కోసమనో కాలుస్తున్నామని చెప్పేవారు కూడా ఉంటారు. పొదకు నిప్పు పెడితే పాము చావదు, ఇల్లు మారుతుంది; ఆ మారేది మీ ఇంటికే కావచ్చునని చెప్పి చూడండి. పొదలు కొట్టించి ఎలుకల బెడద తగ్గిస్తే పాములు వాటంతట అవే తగ్గుతాయి.

వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి పరువు తీయడాన్ని చివరి అస్త్రంగా కూడా నేను సూచించను.

“నా స్థలం, నా చెత్త, నా ఇష్టం” అంటున్నారు. చట్టం ఏమంటుంది?

ఈ వాదనలో కొంత బలమున్నట్టు కనిపిస్తుంది. 2026 మార్చి చివరి వరకు అమల్లో ఉన్న 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లో చెత్తను కాల్చరాదన్న నిషేధం వీధులకు, తన ఆవరణ బయటి బహిరంగ స్థలాలకు సంబంధించిన భాషలో ఉండటమే దానికి కారణం. అయితే అవే నియమాలు తోటచెత్తను ఆవరణలోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు వదిలించుకోవాలని కూడా చెప్పాయి. 2016 డిసెంబరు 22న అల్మిత్రా పటేల్ కేసులో, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశవ్యాప్తంగా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధిస్తూ, మామూలుగా కాల్చినవారికి రూ.5,000, పెద్ద ఎత్తున కాల్చినవారికి రూ.25,000 పర్యావరణ పరిహారం విధించాలని ఆదేశించింది.

అంతకన్నా సూటిగా పనికివచ్చేది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత. ఇతరుల ప్రాణానికి ముప్పు, గాయం, హాని కలిగే అవకాశం ఉండేలా నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరించినవారికి 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది పాత శిక్షాస్మృతిలోని 285వ సెక్షన్‌కు వారసురాలు. స్థలం ఎవరిదన్న ప్రశ్న ఈ సెక్షన్‌లో లేదు. ముప్పు ఎవరికన్నదే ప్రశ్న. పరిసరాల్లో ఉండేవారి ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని చెడగొట్టడం 280వ సెక్షన్ కింద రూ.1,000 వరకు జరిమానాకు దారితీస్తుంది. కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని 1991లోనే సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ జరిమానాలు చిన్నవని నిట్టూర్చేవారు ఉన్నారు. నిజమే. కానీ వెయ్యి రూపాయల కన్నా స్టేషన్‌కు వెళ్లి రావడమే చాలామందికి భారంగా ఉంటుంది.

ఫిర్యాదు ఎవరికి, ఏ క్రమంలో చేయాలి?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మీ వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టండి. తెలంగాణ పట్టణాల్లో వార్డు శానిటరీ సిబ్బంది లేదా మున్సిపల్ కమిషనర్ కార్యాలయం, గ్రామాల్లో రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ కార్యదర్శి. నోటిమాటగా కాక కాగితం మీద ఇచ్చి, నకలుపై అందినట్టు ముద్ర వేయించుకోండి. తేదీ, వేళ, ఏం కాల్చారు, ఎంతసేపు, గాలి ఎటు వీచింది అన్నవి ఒక నోటుపుస్తకంలో రాస్తూ వస్తే మీ అర్జీకి బలం వస్తుంది. వీడియో తీసేటప్పుడు మీ ఇంటి నుంచి తీయండి, మంటను, తీగలను చూపించండి. వారి ఇంటి ఆడవారిని, పిల్లలను చిత్రీకరించి మీ మీదే కేసు తెచ్చుకోవద్దు.

నెల గడిచినా కదలిక లేకపోతే సోమవారం నాడు కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. చాలామందికి తెలియని మరొక దారి ఉంది. నేర విచారణ పద్ధతుల చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని ఆపమని సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. ఒక్క ఇంటి అర్జీ కన్నా వీధిలో పదిమంది సంతకాలున్న అర్జీ ఇక్కడ నిలుస్తుంది. పాత టైర్లు, కేబుళ్లు కాల్చేది వ్యాపారం కోసమైతే కాలుష్య నియంత్రణ మండలికి కూడా రాయండి.

మున్సిపల్ సిబ్బందే ఆకులు కాలుస్తుంటే?

కంచే చేను మేసినట్టు ఉండే ఈ పరిస్థితి అరుదేమీ కాదు. ఊడ్చిన ఆకులను కాల్చకుండా విడిగా ఉంచి అప్పగించమని వీధి ఊడ్చేవారికి ఆదేశాలు ఇవ్వడం స్థానిక సంస్థ బాధ్యత అని 2016 నియమాల్లోనే రాసి ఉండేది. అయితే చీపురు పట్టుకున్న మనిషి మీద విరుచుకుపడవద్దు. రోజుకు నాలుగు వీధులు ఊడ్చి, ఆకులు మోయడానికి తోపుడు బండి కూడా లేని కార్మికురాలు అగ్గిపెట్టె తీయడంలో ఆమె తప్పు ఎంతో, ఆమెకు బండి ఇవ్వని అధికారి తప్పు ఎంతో ఆలోచించి అర్జీని ఆ అధికారి పేరున రాయండి.

ఖాళీ ప్లాటులో కాలుస్తున్నారు. యజమాని ఎక్కడో ఉన్నారు.

యజమాని కాల్చకపోయినా, పొదలు పెరగనిచ్చి చెత్త వేయనిచ్చింది ఆ స్థలమే కాబట్టి మున్సిపాలిటీ నోటీసు యజమానికి వెళ్తుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు రాసి ఇవ్వండి. ఒక వైపు కంచె వేయించడం, లేదా మీరే నాలుగు ఇళ్లవారు కలిసి పొద కొట్టించడం తరచూ అర్జీ కన్నా త్వరగా పని చేస్తుంది.

భోగి మంట, పెళ్లి గాడిపొయ్యి, నీళ్ల కాగు కూడా తప్పేనా?

వంటకు, స్నానపు నీళ్లకు కట్టెలు కాల్చడం చెత్త కాల్చడం కాదు. 1981 నాటి వాయు కాలుష్య చట్టం కూడా ఇంధనాన్ని, ఇతర పదార్థాలను వేరుగానే చూస్తుంది. అయినా గాడిపొయ్యిని షామియానా గుడ్డకు దూరంగా తవ్వించమని పెళ్లివారిని అడగడంలో తప్పు లేదు.

భోగి మంటను ఎవరూ ఆపమనరు. ఆవు పిడకలు, పాత కర్ర సామాను వేసి నాలుగు దారుల కూడలిలో వేసే మంట చుట్టూ వీధంతా నిలబడుతుంది. అదే దానికి కాపలా. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోము పరుపులు వేయడం సంప్రదాయం కాదు, వదిలించుకోవడం. పండుగకు రెండు రోజుల ముందే వీధి పిల్లలతో ఈ మాట చెప్పాలి, ఎందుకంటే టైరు దొర్లించుకొచ్చేది వాళ్లే. హోలీ ముందురోజు రాత్రి జరిగే కామదహనానికి కూడా ఇదే వర్తిస్తుంది.

కాల్చకపోతే ఆకులను ఏం చేయాలి?

పాత ఇటుకలను సందులు వదులుతూ మొలలోతు పేర్చి, అందులో ఎండుటాకులు, వంటింటి చెత్త పొరలుగా వేసి, పేడనీళ్లు గానీ పులిసిన మజ్జిగలో బెల్లం కలిపిన నీళ్లు గానీ చిలకరించండి. పిండిన గుడ్డలా తేమగా ఉంచి, పది పదిహేను రోజులకొకసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు అవుతుంది. మామిడి, టేకు, పనస ఆకులు దళసరిగా ఉండి ఎక్కువ కాలం తీసుకుంటాయి; కత్తితో నరికి వేస్తే త్వరపడతాయి. ఇటుకలు పేర్చే చోటు కూడా లేనివారు ఆకులను కొబ్బరి, జామ, నిమ్మ మొదళ్ల చుట్టూ పరిస్తే నేల ఆరిపోదు, కలుపు తగ్గుతుంది. కొబ్బరి మట్టల ఈనెలు చీపుర్లకు పోగా, మిగిలిన భాగం మొదట్లో వేయవచ్చు. ఎరువు తయారయ్యాక ఒక సంచి పక్కింటి పిన్నిగారికి ఇవ్వండి. ఆమె గులాబీ మొక్క చేసే ప్రచారం మీరు చేయలేరు.

వారి మంట వల్ల మా ఆస్తి కాలిపోతే?

ఆర్పడానికి వచ్చిన అగ్నిమాపక శాఖ నుంచి నివేదిక తీసుకోండి, పోలీసులకు ఫిర్యాదు చేసి పంచనామా జరిపించండి, శిథిలాలను కదపకముందే ఫొటోలు తీయండి. నష్టపరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు మండల న్యాయసేవాధికార కమిటీని అడగవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అందించవలసిన భారత్ గృహ రక్ష పాలసీ ఉన్నవారికి అగ్నిప్రమాద నష్టం అందులోనే వర్తిస్తుంది. పొరుగువారు తప్పు ఒప్పుకుని డబ్బు ఇస్తామంటే కాగితం మీద రాయించుకోండి. అన్నదమ్ములే కాగితం లేక కోర్టుకెక్కిన దేశం మనది.

మేము అమెరికాలో ఉంటున్నాము. పక్కవాళ్లు పెరట్లో వేసుకునే ఫైర్ పిట్ (చలిమంట గుంట) నిప్పురవ్వలు మా చెక్క కంచె మీద పడుతున్నాయి.

అక్కడ కొలతలు ఉన్నాయి. చాలా నగరాలు, కౌంటీలు తమ నిబంధనలకు ఆధారంగా తీసుకున్న ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం, మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు మించని వినోదపు మంట భవనాలకు కనీసం 25 అడుగుల దూరంలో, అంతకన్నా పెద్ద చలిమంట 50 అడుగుల దూరంలో ఉండాలి. పూర్తిగా ఆరేవరకు మనిషి దగ్గరే ఉండాలి. ఆర్పే సాధనం గానీ నీటి గొట్టం గానీ సిద్ధంగా ఉండాలి. ఇనుప గిన్నెల్లాంటి కదిలే ఫైర్ పిట్‌లకు ఊరూరికీ నియమాలు మారుతాయి కాబట్టి మీ నగర ఫైర్ మార్షల్ కార్యాలయాన్ని అడగండి. గేటెడ్ కాలనీ అయితే ఇంటి యజమానుల సంఘం నియమాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. కంచె అంటుకుంటే మాత్రం 911కే ఫోన్ చేయాలి. జనవరిలో మీ పెరట్లో భోగి మంట వేసుకునేటప్పుడు కూడా ఆ 25, 50 అడుగుల లెక్క మీకూ వర్తిస్తుంది. టెక్సస్‌లో కౌంటీ బర్న్ బ్యాన్ (మంటలపై నిషేధం) ఉన్న రోజుల్లో, కాలిఫోర్నియాలో గాలి నాణ్యత హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో ముందుగా విచారించుకోకుండా అగ్గిపుల్ల గీయవద్దు.

ఫిర్యాదు చేశాక పక్కింటివారు మాట్లాడటం మానేశారు.

కొంతకాలం అలాగే ఉంటుంది. మీరు మాత్రం పలకరించడం మానవద్దు, పండుగకు పంపే పళ్లెం ఆపవద్దు. వేసవిలో వారి పెరట్లో నిజంగానే నిప్పు రాజుకుంటే గోడ దూకి బకెట్ అందుకోవలసింది మీరే.